రంగుల ఖర్చు: బ్రష్షు కంటే ముందు టేపు పట్టండి

ప్రశ్న: మాది పెద వాల్తేరులో 2011లో కట్టిన అపార్టుమెంటు. మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు, కాగితాల ప్రకారం 1,050 చదరపు అడుగులు. లోపల రంగులు వేయించి ఎనిమిదేళ్లు దాటింది. మార్చి నెలాఖరులో మా అమ్మాయి నిశ్చితార్థం ఇంట్లోనే చేయాలనుకుంటున్నాం. పెయింటింగ్ మేస్త్రీ ఒకాయన వచ్చి చూసి, 1,050ని మూడుతో హెచ్చవేసి 3,150 అడుగులు అన్నారు. సామానుతో సహా అడుగుకు రూ.18 చొప్పున రూ.56,700 అవుతుందట. రంగులు మేమే కొనిస్తే కూలి మాత్రం అడుగుకు రూ.9 చొప్పున రూ.28,350 అట. మా తమ్ముడు వీడియోలు చూసి "ఆ ఇరవై ఎనిమిది వేలు ఎందుకక్కా ఇవ్వడం, మనమే వేసేద్దాం" అంటున్నాడు. మావారిది పోర్టులో షిఫ్టు ఉద్యోగం. అత్తగారికి ఉబ్బసం ఉంది. ఆవిడ మాత్రం సంక్రాంతిలోపే అయిపోవాలంటున్నారు. పెద్ద పడక గదిలో బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడ కింది భాగం పెచ్చులుగా ఊడుతోంది. దుకాణంలో కనుక్కున్న ధరలు ఇవీ: మంచి రకం ఎమల్షన్ లీటరు రూ.380, సీలింగుకు తెల్ల ఎమల్షన్ రూ.190, ప్రైమరు రూ.160, తలుపులకు ఎనామెల్ రూ.330, లప్పం 40 కిలోల బస్తా రూ.950. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ తమ్ముడి ఉత్సాహాన్ని కాదనను. కాని అతను మిగులుస్తానంటున్న ఇరవై ఎనిమిది వేలు అసలు లేనే లేవు. అందులో మూడో వంతు మీ గోడల మీద కాదు, మేస్త్రీ గుణకారంలో ఉంది.

కాగితాల మీది 1,050 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటా, గోడల మందం అన్నీ కలిసి ఉంటాయి. మీరు చీపురుతో ఊడ్చే నేల అంతకంటే చాలా తక్కువ. మూడుతో హెచ్చవేయడం మేస్త్రీల పాత పద్ధతే, అందులో దురుద్దేశం ఉందనుకోనక్కరలేదు. కాకపోతే ఆ మూడు లోపలి నేలకు వాడాల్సిన అంకె. దాన్ని కాగితాల మీది అమ్మకపు విస్తీర్ణానికి వాడితే లేని గోడలకు కూడా మీరు రంగు వేయించినట్టు లెక్క తేలుతుంది.

ఒక మధ్యాహ్నం టేపు తీసుకుని కూర్చోండి. మీ కొలతలు నా దగ్గర లేవు గనుక ఆ తరహా ఫ్లాట్లలో మామూలుగా ఉండే కొలతలతో చేసి చూపిస్తాను. పెద్ద పడక గది 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో హెచ్చవేస్తే 418. సీలింగు 120 కలిపితే 538. గది తలుపు, బాత్‌రూమ్ తలుపు, కిటికీ, గోడకు బిగించిన బీరువా తీసేస్తే దాదాపు వంద అడుగులు పోయి 440 మిగులుతుంది. ఇదే లెక్కన రెండో పడక గది 420, హాలు 680, టైల్సూ అల్మరాలూ పోగా వంటగది 245, బాత్‌రూముల పైభాగాలు రెండూ కలిపి 140, నడవా బాల్కనీ లోపలి గోడలు మరో 200. అన్నీ కూడితే 2,125 అడుగులు. మేస్త్రీ చెప్పిన 3,150కీ దీనికీ వెయ్యికి పైగా తేడా. మీ గదులు కాస్త పెద్దవైనా 2,300 దాటడం కష్టం.

అదే తొమ్మిది రూపాయల రేటుతో 2,125 అడుగులకు కూలి రూ.19,125. ఇది న్యాయమైన కూలే. ముగ్గురు మనుషులు ఆరేడు రోజులు చేసే పని ఇది. పంచి చూస్తే ఒక్కొక్కరికి రోజుకు తొమ్మిది వందల పైచిలుకు పడుతుంది. అందుకే రేటు మీద గీచి గీచి బేరమాడవద్దని చెబుతాను. బేరం కొలత మీద ఆడండి.

కొలత తగ్గించమంటే మేస్త్రీ రేటు పెంచుతాననవచ్చు. పెంచనివ్వండి. పదకొండు చేసినా రూ.23,375 అవుతుంది, మొదటి మాట కంటే ఐదు వేలు తక్కువ. పైగా దేనికి ఎంత ఇస్తున్నారో మీకు తెలిసి ఇస్తారు. గది గదికీ కొలతలు రాసిన కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టి, మీతో కలిసి రెండు గోడలు కొలిచి చూడమనండి. రెండో గోడ దగ్గరకు వచ్చేసరికి మాట తీరు మారుతుంది.

ఇక సామాను. 2,125లో సీలింగు 630 పోతే గోడలు దాదాపు 1,500. ఇంతకుముందు రంగు ఉన్న గోడకు రెండు కోటింగులు వేస్తే లీటరు సుమారు 120 అడుగులకు వస్తుంది. కాబట్టి గోడలకు 14 లీటర్లు (పది లీటర్ల బకెట్టు ఒకటి, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి), సీలింగుకు 6 లీటర్లు, తలుపులకు ఎనామెల్ 3 లీటర్లు. ఇంతవరకు లెక్క ఎవరు వేసినా ఒకటే. తేడా వచ్చేదంతా గోడను నునుపు చేసే లప్పం, రంగుకు ముందు పూసే ప్రైమరు దగ్గరే.

గోడ మొత్తానికి రెండు పొరలు లప్పం పెట్టాలంటే కిలోకు పది పన్నెండు అడుగులే వస్తాయి. అంటే ఐదు బస్తాలు, దానిమీద ప్రైమరు 20 లీటర్లు. మీరు రాసిన ధరల ప్రకారం అంతా కలిపి రూ.15,400. అలా కాక పగుళ్లు, మేకు రంధ్రాలు, ఊడిన చోట్ల వరకే లప్పం సరిపోతుందంటే ఒక బస్తా, పది లీటర్ల ప్రైమరుతో సరి; అప్పుడు మొత్తం పది వేలు. ఎమరీ పేపరు, మాస్కింగ్ టేపు, నేల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లకు ఏ లెక్కలోనైనా ఇంకో వెయ్యి కలపండి.

మీకు ఏది కావాలో తేల్చే పరీక్ష చాలా సులువు. తడిగుడ్డతో గోడను గట్టిగా రుద్దండి. గుడ్డకు సుద్దలా రంగు అంటుకుంటే అది డిస్టెంపరు, అంటే సుద్దతో చేసే చౌక రంగు. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే రెండు వానాకాలాలకే పొరలుగా లేస్తుంది. గీకించి, ప్రైమరు వేసి, పూర్తి లప్పం పెట్టించాల్సిందే. గుడ్డ మురికి అయిందే తప్ప రంగు దిగలేదంటే పాతది ఎమల్షనే. గోడ కడిగి, ఎమరీతో తేలికగా రుద్ది, దెబ్బతిన్న చోట మాత్రం సరిచేస్తే చాలు. "మొత్తం లప్పం పెడితేగాని నున్నగా రాదండీ" అని మేస్త్రీ అంటారు. నిజమే, నున్నగా వస్తుంది. కాని బీరువా వెనక, సోఫా వెనక గోడ ఎంత నున్నగా ఉందో నిశ్చితార్థానికి వచ్చినవాళ్లు చూడరు. హాలులో దీపాల వెలుతురు పక్కనుంచి పడే గోడ ఒకదానికి పెట్టించుకోండి, మిగతావి వదిలేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీరే వేసుకోవడం గురించి. పూర్తి లప్పం లెక్కనే తీసుకుంటే, కొలత సరిచేసి కూలికి ఇచ్చి, సామాను మీరే కొన్నా మొత్తం రూ.35,500 అవుతుంది. మొదట చెప్పిన రూ.56,700 మీద ఇరవై ఒక్క వేలు తక్కువ. దీనికి ఎవరూ బ్రష్షు ముట్టుకోనక్కరలేదు. ఆ తర్వాత మీ తమ్ముడు మిగల్చగలిగింది కూలి రూ.19,125. అందులోంచి నిచ్చెన, రోలర్లు, ట్రే, బ్రష్షులు, లప్పం బద్దలు, గీకుడు పట్టీలకు నాలుగు వేలు తీసేయండి. మిగిలేది పదిహేను వేలు. చేయి తిరిగినవాళ్లకు ఇరవై మనిషి రోజులు పట్టే పని కొత్తవాళ్లకు నలభైకి తక్కువ పట్టదు. రోజుకు నాలుగు వందలైనా గిట్టని పని అది. షిఫ్టు ఉద్యోగంలో ఉన్న మీవారు సెలవులు పెట్టి చేస్తే ఆ మాత్రమూ ఉండదు. అందులోనూ ఇంట్లో శుభకార్యం ముంచుకొస్తున్నప్పుడు హాలు సగం తెలుపు, సగం గీకిన మచ్చలతో ఆగిపోతే పడే హైరానాకు ధర కట్టలేం.

అయినా తమ్ముడిని పూర్తిగా నిరాశపరచనక్కరలేదు. రెండో పడక గది గోడలు నాలుగూ, సీలింగు కాకుండా, అతనికి వదిలేయండి. సుమారు 310 అడుగులు. మేస్త్రీకి ముందే చెప్పి ఆ గదికి సీలింగు మాత్రం ఆయనచేత చేయించండి. సీలింగు నేర్చుకునేవాళ్ల పని కాదు: మెడ పడిపోతుంది, రంగు మోచేతుల మీదుగా కారుతుంది, ఉదయం ఎండ ఏటవాలుగా పడగానే రోలరు ఆపిన ప్రతి చోటూ గీతగా కనిపిస్తుంది. గోడలైతే తప్పులు కాస్త దాచుకుంటాయి. అంచులు ముందు బ్రష్షుతో కట్టి, అవి ఆరకముందే రోలరు అందుకోవాలి. గోడ మధ్యలో ఆపి టీకి వెళ్లకూడదు, ఒక మూల నుంచి మరో మూల దాకా ఒకే ఊపులో ముగించాలి. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. స్విచ్‌ బోర్డుల దగ్గర తడి పని ఉంటే ఆ గదికి కరెంటు ఇచ్చే ఎం.సి.బి. స్విచ్చు దించేయాలి. ఒక్క గది గోడలను పెయింటరు అక్కర లేకుండా చూసుకున్నందుకు మిగిలేది మూడు వేలకు లోపే, కాని అది అతని గది అవుతుంది.

పెచ్చులు ఊడుతున్న గోడ గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. సముద్రానికి దగ్గరగా ఉన్న వాల్తేరు, లాసన్స్ బే కాలనీ, సాగర్‌ నగర్ వంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. దానికి తోడు కట్టినప్పుడు వాడిన నీళ్లలోనో ఇసుకలోనో ఉప్పు కలిసి ఉంటే, అది గోడలోనే ఉండిపోయి వానాకాలం గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఆరేటప్పుడు ఉప్పు తెల్లటి పొడిగా పైకి వచ్చి, లప్పాన్నీ రంగునూ తోసేస్తుంది. అలాంటి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఊడుతుంది.

ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఊడుతున్న చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు పడితే తేమ గోడలోంచి వస్తున్నట్టు. షీటు బయటి వైపు మాత్రమే తడిస్తే గది గాలిలోని తేమ. మీ గోడ బాత్‌రూమ్‌ను ఆనుకుని ఉంది కాబట్టి మొదటిదే అవుతుందని నా అనుమానం. అలాగైతే బాత్‌రూమ్‌లో టైల్సు అతుకులు గీకించి ఎపాక్సీ గ్రౌటు నింపించండి. నేల, గోడ కలిసే మూలలో, నీరు పోయే జాలీ చుట్టూ మరింత జాగ్రత్తగా చూడాలి. పైపు కారుతోందేమో ప్లంబరుతో పరీక్ష చేయించండి. ఆ తర్వాత పెద్ద గదివైపు వదులైన గచ్చంతా గీకించి, బ్రష్షుతో ఉప్పు దులిపించి, ఫ్యాను పెట్టి కనీసం మూడు వారాలు ఆరనివ్వండి. ఆరకుండా పైన "డ్యాంప్ ప్రూఫ్" డబ్బా ఒకటి పూస్తే తేమ పక్క గోడలోకి నడుస్తుందే తప్ప ఎక్కడికీ పోదు. పూర్తిగా ఆరిందో లేదో మళ్లీ ప్లాస్టిక్ పరీక్షే చెబుతుంది. అప్పటికీ ఆరకపోతే ఆ గోడను నిశ్చితార్థం అయ్యేదాకా వదిలేయండి, ముందు ఒక బీరువా జరిపి పెడితే సరి.

ఇంకొకటి. స్లాబు కిందో దూలం పొడవునో సన్నటి పగుళ్లూ, వాటిలో గోధుమ రంగు మరకలూ కనిపిస్తే అది పెయింటరు పని కాదు. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందని అర్థం. మీ భవనం హుద్‌హుద్ తుపానును (2014 అక్టోబరు 12) తిన్నది కాబట్టి బయటి గోడల పగుళ్లలోంచి అప్పట్లో లోపలికి దిగిన నీటి జాడలు కూడా ఉండవచ్చు. అలాంటివి లప్పంతో కప్పేయకుండా ఇంజినీరుకు చూపించండి.

అత్తగారు కోరినట్టు సంక్రాంతిలోపు అవసరమా? నా మాటగా ఆవిడతో చెప్పండి: వద్దు. పండుగ ముందు ఊరంతా రంగులే. మంచి పనివాళ్లు దొరకరు, దొరికినవాళ్లు మూడిళ్లు ఒకేసారి ఒప్పుకుంటారు, భోగి దగ్గరపడగానే శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లకు వెళ్లిపోతారు. ఈశాన్య రుతుపవనాల తేమ గోడల్లో ఇంకా మిగిలే ఉంటుంది కూడా. బాత్‌రూమ్ పని ఇప్పుడు మొదలుపెట్టి, గోడ ఆరనిచ్చి, ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో రంగులు వేయించండి. మార్చికి ముందే వాసన కూడా పోతుంది. ఆవిడకు పండుగ లోటు లేకుండా గుమ్మం, గడప మాత్రం ముందే రంగు వేయించండి.

ఆవిడ ఉబ్బసం గురించి మరో రెండు మాటలు. నీటితో కలిపే ఎమల్షన్ల వాసన తక్కువే. ఇబ్బంది పెట్టేవి రెండు: లప్పాన్ని ఎమరీతో రుద్దినప్పుడు లేచే పొడి, టర్పెంటైన్ కలిపే ఎనామెల్. ఆ నాలుగైదు రోజులూ ఆవిడను బంధువుల ఇంట్లో ఉంచగలిగితే ఉత్తమం. ఎనామెల్‌లోనూ నీటితో కలిపే రకాలు వస్తున్నాయి, కాస్త ఖరీదైనా మీ ఇంటికి అవే సరైనవి. తలుపుల పాత రంగు మాత్రం పొడిగా రుద్దించవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మీ తలుపులకు ఉన్నది అంతకుముందు వేసినదైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. నీళ్లు చిలకరిస్తూ వాటర్ పేపరుతో రుద్దించి, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తి పారేయించండి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మొత్తం ఎంత అని అడగడం కంటే, ప్రైమరు గోడంతానా మచ్చలకేనా, కోటింగులు ఎన్ని, ఫర్నిచరు జరిపేదెవరు, కిటికీ అద్దాల మీదా నేల మీదా పడ్డ చుక్కలు తుడిచేదెవరు, తలుపులూ గ్రిల్లులూ ఇందులోనేనా వేరే లెక్కా అని అడిగి ఆ కొలతల కాగితం వెనకే రాసుకోండి. గొడవలన్నీ ఈ చివరి రెండింటి దగ్గరే మొదలవుతాయి. అడ్వాన్సు పావు వంతు చాలు. పని నడుస్తుండగా సగం దాకా ఇస్తూ పోయి, చివరి రెండు వేలు అయినా పని ముగిసిన వారానికి ఇవ్వండి. రంగు ఆరాక పగటి వెలుతురులో కనిపించే మచ్చలను సరిచేయించుకోవడానికి అదొక్కటే మీ చేతిలో ఉండే తాడు.

రంగులు కొనడానికి మీరే వెళ్లండి, మేస్త్రీని తోడు తీసుకెళ్లినా సరే. ఫలానా కంపెనీదే కావాలని ఆయన పట్టుపడితే అది అనుభవంతో చెబుతున్న మాట కావచ్చు, డబ్బాలలో పెయింటర్ల కోసం కంపెనీలు పెట్టే కూపన్ల కోసమూ కావచ్చు. కూపన్లు ఆయనకే ఇచ్చేయండి, రకం మాత్రం మీరు ఎంచుకోండి. మన అచ్యుతాపురం పక్కన పూడిలో ఏషియన్ పెయింట్స్ పెద్ద కర్మాగారమే ఉంది, అయినా ఇక్కడ డబ్బా చౌకగా దొరుకుతుందని ఆశపడకండి. తగ్గింపు దుకాణదారు తన లాభంలోంచి ఇచ్చేదే, అడిగితేనే ఇస్తారు. ఇద్దరు ముగ్గురిని అడగండి. బిల్లు తీసుకోండి, అందులో 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. బిల్లు మీద షేడు నంబరు రాయించుకుంటే ఏడాది తర్వాత ఒక గోడకు మరక పడినప్పుడు పనికొస్తుంది.

గోడల రంగు మొదట పది లీటర్ల బకెట్టే కలిపించండి. హాలుకూ పెద్ద గదికీ ఎంత పట్టిందో చూశాక నాలుగు లీటర్ల డబ్బా తెప్పించండి. యంత్రంలో రంగు కలిపిన డబ్బాను ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. విప్పని ప్రైమరు, లప్పం బస్తాలైతే చాలామంది తీసుకుంటారు, కొనేటప్పుడే ఆ మాట అడిగి పెట్టుకోండి.